ఎడంచేతి సంగటి

"అవ్వా, ఫోను రికార్డులో పెట్టినా. దీన్ని మనింటి గ్రూపులో పంపుతా, ప్రొద్దుటూరోళ్లు కూడా ఇంటారు. చెప్పు, బిడ్డ ఎడం చేత్తో తింటే ఏమైతాది?"

నన్నడుగుతావేందే పాపా. నేనే అడుగుతా అందర్నీ. ఇంటాండారా? మీరు చంటిబిడ్డలుగా ఉన్నప్పుడు, ఆకలైతే మీకు ఏ చెయ్యి ముందు లేసిందో మీలో ఎవురికన్నా తెలుసునా? తెల్దు గదా. నాకూ తెల్దు. మన చెయ్యి సంగతే మనకు తెల్దు, మరి ఎనిమిది నెలల బిడ్డ చెయ్యి లేస్తే ఇంటిల్లిపాదీ ఎందుకు ఉలిక్కిపడల్ల? జవాబు ఉండేవాళ్లు ఆదివారం వచ్చి నా ముందర కూసోని చెప్పండి.

సరే, ఆగు. ముందు ఈ పొద్దు జరిగింది చెప్తా. అది చెప్పకుంటే నాకు ఇంకో మాట రాదు.

పొద్దన్నే మీ అక్క సుజాత బిడ్డకు నీళ్లు పోసి, నడింట్లో చాప పరిచి కూసోబెట్టింది. చిట్టి ఇప్పుడు దేనికీ ఆనుకోకుండా కూసుంటాది, గ్రూపులో ఉండేవాళ్లకు తెల్దేమో. నడుము నిలబెట్టి కూసుంటాది, పంచాయితీకి వచ్చిన పెద్దమనిషి మాదిరి. ముందర పళ్లెంలో మూడే మూడు. ఉడకబెట్టిన తియ్యగుమ్మడి ముక్క, వేలంత పొడుగు. మన తోటలో అరిటిపండు చీలిక. ఇంగ నేను ఊరుకుంటానా, మజ్జిగ పోసి మెత్తగా పిసికిన రాగిసంగటి, ఇంత, నిమ్మకాయంత. సుజాత ఫోన్లో చదివిందంట. బిడ్డ నోట్లో మనం కుక్కకూడదంట, ముందర పెట్టి గమ్మున కూసోవల్లంట, దానికి కావల్సింది అదే తీసుకుంటాదంట. నాకు నవ్వొచ్చింది. ఇది ఫోను చెప్పల్లనా? మా కాలంలో చేన్లో బిడ్డకు పెట్టే తీరిక యాడిది? మా పళ్లెంలో చెయ్యి పెట్టి వాళ్లే తినేవాళ్లు. దానికి పేరు తెల్దు, అంతే.

యాడికొచ్చినా? ఆ, చిట్టి. ముందు కుడిచెయ్యి చాపింది. సంగటిని తట్టింది. అది అంటుకుంది. ఇదేదో నన్ను పట్టుకున్నాదే అని చెయ్యి ఇదిలిస్తే పోయి గోడకు పడింది. మీ నాయన ఓబులేసు గడప మీద కూసోని చూస్తాండాడు, నవ్వలేదు, నేను చూసినా. అప్పుడొచ్చింది ఎడం చెయ్యి. నిదానంగా. గుమ్మడి ముక్కను పిడికిట్లో పట్టి, ఒక కొస పైకి వచ్చేటట్టు పట్టింది చూడూ, దానికి ఎవరు నేర్పిచ్చినారు? ముక్కుకు పెట్టింది, గదవకు పెట్టింది, కంటిబొమ్మకు కూడా పెట్టింది, మొగమంతా పూసుకున్నాక నోరు దొరికింది. దొరికినాక ఆ కండ్లు చూడల్ల మీరు. ఇంత పెద్దవి చేసి, నోట్లో ఉండేది యాడికీ పోకుండా ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. డెబ్బైనాలుగేండ్లలో నేను తేర్లు చూసినా, తిరునాళ్లు చూసినా, గండికోట కింద పెన్న ఒడ్డు ఒరుసుకోని పారేది చూసినా. ఒక బిడ్డ తన నోరు తాను కనుక్కునేది చూస్తే ఉండే సంబరం దేంట్లోనూ లేదు. చేతులు తట్టినా నేను. సుజాత నన్ను కసిరింది, తట్టొద్దు అవ్వా, బిడ్డ బెదురుతాది అని. అది కూడా ఫోను చెప్పిందేమో.

ఇంత సంబరంలోనూ సుజాత మొగం మాత్రం వాడిపోయి ఉండాది. ఎందుకంటే ఆమె ఒళ్లో ఇంకొకటి ఉండాది. పట్టు సంచి.

అదేందో చెప్తా, తెలియనోళ్లు ఉంటారు. సుజాత అత్తగారిది ప్రొద్దుటూర్లో గుడ్డల అంగడి. ఆయమ్మ మంచిది, ఈ మాట ముందే చెప్తాండా, ఎవురూ నా మీదికి రావద్దు. మొన్న వీడియోలో మనవరాలు ఎడం చేత్తో అరిటిపండు పట్టుకునేది చూసింది. నిన్న పులివెందుల బస్సులో పొట్లం పంపిచ్చింది. ఆకుపచ్చ పట్టు గుడ్డ, జరీ అంచు, మణికట్టు కాడ బిగించేదానికి తాడు, ఆ తాడు కొసలకు ముత్యాల పూసలు. బిడ్డ పిడికిలి పట్టేంత సంచి. తినేటప్పుడు ఎడం చెయ్యికి తొడగండి, అలవాటు తప్పుతాది అని ఒక చీటీ. ఆదివారం వాళ్లొస్తాండారు, తొమ్మిదో నెల గదా, తల్లినీ బిడ్డనూ తీసకపోతారు. ఇంగ ఆ ఇంట్లో మూడు పూటలా ఆ సంచే.

సుజాతను అడిగినా, మీ అత్తకు చెప్పు మే, సంచి వద్దని. ఫోనంతా చదివిన పిల్లే, ఆయమ్మతో మొదట్లోనే పెట్టుకుంటే నేను ఆ ఇంట్లో యెట్లుండేది అవ్వా అన్నది. అదీ నిజమే. ఇంగ ఈ పాప, ఫోను పట్టుకున్న పాప, కాలేజీలో మైకు దొరికితే ఇడిచిపెట్టదు గదా, ఆయమ్మతో నేను మాట్లాడతా, పది పాయింట్లు చెప్తా అని లేచింది. కూసో మే అన్నా. నీ పాయింట్లకు ఆయమ్మ కూడా పది పాయింట్లు చెప్తాది, ఆదివారమంతా అదే అయితాది, మధ్యలో బిడ్డ సంచి తొడుక్కోని కూసుంటాది. వాదన వద్దు. నా కాడ ఒక తప్పుండాది, అది చాలు.

ఎందుకంటే అట్లాంటి సంచి నేనూ కుట్టినా. నా బిడ్డకే కట్టినా.

ఓబులేసూ, నువ్వు కూడా ఇంటాండావు గదా ఈ గ్రూపులో? నాయనా, నీకు కూడా ఈ సంగతి తెల్దు. ఇన్నేండ్లు నీకు చెప్పలేదు. ఇప్పుడు ఇను.

నేను పుట్టింది జమ్మలమడుగు పక్కన, పెన్న ఒడ్డున. ఇచ్చింది వేముల పక్కన పల్లెకు. అప్పుడు ఈ చీనీ తోటలు యాడివి, ఈ బోర్లు యాడివి? వానొస్తే కొర్ర, జొన్న, శెనక్కాయ. వాన రాకుంటే మొగాలు చూసుకునేది. జమ్మలమడుగు నుంచి వచ్చేదానికి రెండు బస్సులు మారల్ల, టిక్కెట్టు ముప్పావలానో రూపాయో, కాదు కాదు, రూపాయే, మా నాయన ముప్పావలా ఇచ్చి కండక్టరుతో పోట్లాడినాడు, అది వేరే కత.

మాయత్త గురించి చెప్పల్ల. గట్టి మనిషి. మాట తక్కువ. ఆమెకు పనంతా ఎడం చేత్తోనే. కసువు ఊడ్చేది, ఎనుమును పిండేది, గడ్డి కోసేది. ఆమె కొడవలి కూడా వేరే. కమ్మరాయన పండ్లు తిరగేసి కొట్టిచ్చినాడంట. కొత్తలో నేను తెలియక ఆ కొడవలి తీసుకోని కోతకు పోతే గంట కోసినా కొర్ర తెగలేదు, నా వేలు తెగింది. కోతకాడ అందరూ వరస నిలబడతారు గదా, ఆమెను ఎడమ కొసన నిలబెట్టేవాళ్లు, లేకుంటే పక్కమనిషి కొడవలీ ఆమె కొడవలీ కొట్టుకుంటాయి. ఎగతాళి చేసేవాళ్లు, పుర్రచెయ్యి అక్క అని. ఆమె పట్టించుకునేది కాదు. ఒక్క తినేది మాత్రం కుడి చేత్తో. అదీ అందరూ తిన్నాక, అంతా కడిగి సర్దినాక, గోడ తట్టు తిరిగి కూసోని తినేది. కోడలుగా వచ్చినాక కొత్తలో అట్లనే తినాలి కాబోలు, అదే అలవాటైంది అనుకున్నా నేను. అత్త అయినాక కూడా ఎందుకట్ల తింటాదని నేను అడగలేదు. ఎవురూ అడగలేదు.

మా ఓబులేసుకు ఎనిమిదో నెల. అప్పుడు తిండి పెట్టేదంటే ఇట్ల కాదు. కాళ్లు చాపుకోని బిడ్డను కాళ్ల మీద పండుకోబెట్టి, బుగ్గలు నొక్కి, ఉగ్గు పోసేది. వీడు పోయనిస్తేనా? పండ్లు లేని నోరు గదా, ఇనప పెట్టె మాదిరి మూసేవాడు. పోసిందంతా మెడ కిందికి. నాకు బేజారయ్యేది. ఒక మద్దాన్నం చేన్లో కానగ చెట్టు నీడన వాణ్ని గోనెపట్ట మీద కూసోబెట్టి, నా సంగటి పళ్లెం పక్కన పెట్టి, నీళ్లకు పోయినా. వచ్చేసరికి వాడు పళ్లెంలో ఉండాడు. పళ్లెంలో అంటే చెయ్యి మోచెయ్యి దాకా పళ్లెంలో. ఎడం చెయ్యి. ఇంత సంగటి పీక్కోని, నోట్లో పెట్టుకోని, సగం నమిలి, సగం చప్పరించి, మళ్లా పెట్టుకుంటాండాడు. నా బిడ్డ తింటాండాడు అని నేను చేనంతా ఇనబడేటట్టు అరిచినా. కొడవళ్లు ఇడిచిపెట్టి అందరూ వచ్చినారు. పక్కింటి కాశింబీ కూడా కోతకు వచ్చింది, ఆమె వాని గదవ పట్టుకోని మురిసిపోయింది, పెద్దోని మాదిరి తింటాండాడే అక్కా అని.

మాయత్త కూడా వచ్చింది. అందరూ వాని నోరు చూస్తాండారు. ఆమె వాని చెయ్యి చూసింది. తిరుక్కోని పోయి వరసలో నిలబడింది. మాపున ఇంటికి వచ్చినాక పొయ్యి ముందర కూసోని చెప్పింది, పనికి ఏ చెయ్యన్నా కానీ, తిండికాడ మాత్రం కుడి చెయ్యే, రేపే ఒక సంచి కుట్టు అని. నేను ఎదురు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా, అది మీరు అర్థం చేసుకోవల్ల. మంచిదే అనుకున్నా. నలుగురిలో బిడ్డ మర్యాదగా తినల్ల గదా. మీ తాత పాత పంచె చించి, రెండు మడతలేసి, మణికట్టు కాడికి తాడు కుట్టి, నేనే కట్టినా. మాటిమాటికీ ఇప్పి కట్టే తీరిక లేక పొద్దూ మాపూ అట్లనే ఉంచినా. ముద్దుగా కూడా ఉండె.

వాడు తిండి మానేసినాడు.

మొదటి రోజు సంచిని చప్పరించినాడు. రెండో రోజు పళ్లెం తట్టు చూసినాడు, సంచి తట్టు చూసినాడు, ఏడిచినాడు. కుడి చెయ్యి ఖాళీగానే ఉండాది గదా, దాంతో తినొచ్చు గదా అంటారు మీరు. నేనూ అదే అన్నా. కానీ పాపా, ఆ కుడి చెయ్యి ఏం చేస్తాండెనో తెలుసునా? తాడు పీకుతాండె. పొద్దస్తమానం. ఆ ముడి తట్టే. కుడి చెయ్యికి ముడి పీకే పనే సరిపాయె, ఇంగ తినేది ఏ చేత్తో? మా కండ్ల ముందరే ఉండాది, మాకు కనపడలేదు. ఇంట్లో ఇంతమంది పెద్దోళ్లం, పనులు తెలిసినోళ్లం, ఒక్కరికీ కనపడలేదు.

దిష్టి తగిలింది అనుకున్నాం. ఉప్పూ మిరక్కాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, ఇంగ దిష్టే అని తేల్చినాం. ఎవురి దిష్టి? కాశింబీది. ఆమె గదా చేన్లో గదవ పట్టుకోని మురిసింది. ఆమె మజ్జిగ తోడుకు వస్తే లేదని చెప్పినా. ఉట్టి మీద చట్టినిండా మజ్జిగ పెట్టుకోని లేదని చెప్పినా. ఆమెకు అర్థమై రావడం మానుకుంది. జమ్మలమడుగు పోయి తాయెత్తు తెచ్చినాం. అది మెడలో కట్టినాం. ఒక చెయ్యికి సంచి, మెడకు తాయెత్తు, నడుముకు మొలతాడు, బిడ్డ ఒంటి మీద ముడులే ముడులు. ఆ మొలతాడు జారిపోయేది. రెండు మాట్లు బిగిచ్చి కట్టినా. మూడో మాటు కూడా బిగియ్యల్సొచ్చె. వాని నడుము అంత తగ్గిపాయె. నర్సమ్మ వచ్చి చూసి, బిడ్డకు బాగా పెట్టమ్మా అని చెప్పి పోయింది. పెట్టేదానికి నోరు తెరిస్తే గదా.

ఆ పొద్దు కొర్రకోత ఆఖరు. మద్దాన్నం కాకముందే బిడ్డ ఏడుపు ఎత్తుకున్నాడు. ఏడుపు కూడా సన్నగా అయిపాయె, పిల్లిపిల్ల మాదిరి. నేను నా వరస అయిపోనీ, పోతా అని వంగి కోస్తాండా. తలెత్తి చూస్తే ఎడమ కొసన మాయత్త లేదు. కోత మధ్యలో వరస ఇడిచి పోయే మనిషి కాదు ఆమె, కాన్పు నొప్పులొచ్చిన రోజు కూడా తన వరస కోసే ఇంటికి పోయిందంట. నాకు భయమైంది. బిడ్డకేమన్నా అయిందేమో అని కొడవలి పారేసి పరిగెత్తినా.

కానగ చెట్టు కింద ఆమె కాళ్లు చాపుకోని కూసోనుండాది. వీణ్ని ముందర కూసోబెట్టుకోనుండాది. వాని ఎడం చెయ్యి ఆమె నోటికాడ ఉండాది. కొరుకుతాండాదేమో అనుకున్నా, దేవుడా. కాదు. ముడి ఇప్పుతాండాది. బిడ్డ చొంగకు తడిసి, ఎండకు ఎండి, ఆ తాడు రాయి అయిపాయె, గోర్లకు రాలేదు. పండ్లతో పట్టి లాగుతాండాది. ముడి ఊడొచ్చింది. సంచి తీసింది. లోపల ఆ చెయ్యి తెల్లగా, ముడతలు పడి, నీళ్లలో నానిన మాదిరి ఉండాది. ఆ చెయ్యిని ఆమె తన చెంపకు పెట్టుకుంది. నేను ఎనక నిలబడిండేది ఆమె చూసింది. చూసి, వాని ముందరికి పళ్లెం జరిపి, అప్పుడు చెప్పింది.

"నా చెయ్యికి కట్టిన ముడి ఎవురూ ఇప్పలేదు మే. వీనిది నేనన్నా ఇప్పుతాండా."

అంతే అన్నది. మిగతాది మెల్లమెల్లగా, ఎన్నో ఏండ్లకు చెప్పింది. చిన్నప్పుడు తినేటప్పుడు ఆమె ఎడం చెయ్యిని కొంగుతో నడుముకు కట్టేసేదంట వాళ్లమ్మ. కుడి చేత్తో తినేది వచ్చింది గానీ ఆ చేతికి పట్టు రాలేదు. ముద్ద జారి పడేది. ఎవరన్నా చూస్తే నవ్వుతారని గోడ తట్టు తిరిగి, అందరి ఎనక తినేది. ఆ పొద్దుదాకా, నలభై ఏండ్లకు పైనే, ఆమె అట్లనే తినింది పాపా. ఆమె వంటి కొడవలి పని ఆ పల్లెలో ఎవురికీ రాదు, ఆమెకు ఒక సంగటి ముద్ద నోటిదాకా పోయేది కష్టం. ఆ కష్టం రాకూడదనే వీనికి చిన్నప్పుడే సంచి కట్టమన్నది, ముందే మారితే బాధ ఉండదని. ప్రేమతోనే చెప్పింది. ప్రొద్దుటూరమ్మ కూడా అంతే, ప్రేమతోనే కుట్టింది, ఆ కుట్టు చూస్తే తెలుస్తాది.

ఇంగ చెట్టు కింద సంగతి. ఓబులేసు పళ్లెం తట్టు చూసినాడు. చెయ్యి తట్టు చూసినాడు. తెరిచినాడు, మూసినాడు, తెరిచినాడు. తర్వాత పడినాడు సంగటి మీద, వాన పడిన వాగు మాదిరి. తింటాండాడు, మూలుగుతాండాడు, తింటాండాడు. నేను ఏడుస్తాండా, నవ్వుతాండా, నాకే తెల్దు. మాయత్త కొంచేపు చూసి, చుట్టూ ఒక మాటు చూసి, తన ఎడం చెయ్యి కొంగుకు తుడుచుకోని అదే పళ్లెంలో పెట్టింది. గోడ లేదు ఆడ, ఎగువ దిగువ అంతా చేను, కోతవాళ్లంతా చూస్తాండారు. ఒక పళ్లెంలో రెండు ఎడం చేతులు. ఆమె ముద్ద ఒక్కటి కూడా జారలేదు.

మాపున కాశింబీ ఇంటికి చట్టినిండా మజ్జిగ ఎత్తకపోయినా. తప్పైందని చెప్పినా. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, బిడ్డ చెయ్యి మీరు కట్టేసి నా కండ్లను తిట్టినారా అని అడిగింది. మజ్జిగ మాత్రం తీసుకుంది.

ఇంగ మీకుండే భయం చెప్తా, నలుగురిలో ఎట్ల తింటాదో అని. ఓబులేసును చూడండి. రాసేది ఎడమ, కోసేది ఎడమ, బండి తాళం తిప్పేది కూడా ఎడమే. పెండ్లి బంతిలో మాత్రం కుడి చేత్తో తింటాడు. ఎవురు నేర్పిచ్చినారు? ఎవురూ లేదు. నాలుగేండ్లప్పుడు బంతిలో పక్కోని మోచెయ్యి తగిలి పప్పన్నం కింద పడింది, మరుసటి మాటు నుంచి వాడే మార్చుకున్నాడు. ఇంట్లో ఎవురూ లేనప్పుడు మళ్లా ఎడమే, నేను చూడలేదనుకుంటాడు.

బిడ్డ గొంతులో పడుతాదేమో అని ఇంకో భయం. అది మంచి భయం, దాన్ని ఇడిచిపెట్టొద్దండి. కూసోని ఉండేటప్పుడే పెట్టండి, పండుకోబెట్టి వద్దు. మన రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగేదే పెట్టండి. శెనగ్గింజలు, గట్టివి, గుండ్రంగా జారేవి, ఆ తట్టే పోవద్దు. నోట్లో నుంచి ఎళ్లగక్కి దగ్గితే బెదరొద్దు, అది నేర్చుకుంటాండాది. సద్దు లేకుండా అయిపోతేనే ప్రమాదం, అందుకే ఒకరు కండ్లు తీయకుండా పక్కనే ఉండల్ల. ఫోను చూస్తా కాదు. సుజాతా, నిన్నే.

ఇంగ ప్రొద్దుటూరమ్మా, నీకే చెప్తాండా తల్లీ. నీ సంచి శానా బాగుండాది. పారేసినానని అనుకోవద్దు. నాలుగు వక్కలు, ఒక చిన్న సున్నం డబ్బీ సరిగ్గా పడతాండాయి దాంట్లో, పొద్దన్నుంచి నా నడుముకే ఉండాది. అడిగితే కూడా ఇయ్యను. ఆదివారం మీరంతా రండి. సంగటి నేనే కెలుకుతా. చిట్టిని నడింట్లో కూసోబెడదాం. నువ్వు నా పక్కన కూసోని, నీ రెండు చేతులూ నీ ఒళ్లో పెట్టుకోని, అది పళ్లెం ఖాళీ చేసేదాకా దాని మొగం చూడు. చెయ్యి చూడొద్దు, మొగం చూడు. ఆ కండ్లు పెద్దవి చేస్తాది చూడూ, అప్పుడు చూడల్ల నువ్వు. ఆ తర్వాత కూడా సంచి కావాలంటే నాతో చెప్పు, సుజాతతో కాదు.

మిగతావాళ్లకు ఒకటే అడుగుతాండా. గ్రూపులో ఇది ఇని, బొమ్మ చెయ్యి ఒకటి పెట్టి ఊరుకోవద్దు. ప్రొద్దుటూర్లోగానీ, ఈడగానీ, ఇంగ యాడన్నా గానీ, తినే బిడ్డ చెయ్యికి ఎవురన్నా ముడి కడితే, పోయి ఇప్పండి. గోర్లకు రాకపోతే పండ్లతో ఇప్పండి. నాకు పండ్లు లేవు. మీకుండాయి.

పాపా, ఆపు. ఆపి, ఇప్పుడే పంపు.